పిలవని పేరంటం: తెర మీది సహాయకులు మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తారు?

వర్డ్‌లో 'డియర్' అని టైపు చేసి, పేరు రాసి, కామా పెట్టి కింది పంక్తికి దిగేసరికి తెర మూల నుంచి ఒక కాగితాల క్లిప్పు లేచి, కనుబొమలు ఎగరేసి, 'మీరు ఉత్తరం రాస్తున్నట్టున్నారు, సాయం కావాలా?' అని అడిగేది. 1990ల చివరలో ఆఫీసుల్లో పని చేసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఆ బొమ్మ అసలు పేరు క్లిప్పిట్. లోకం దాన్ని క్లిప్పీ అని పిలిచింది. కెవాన్ ఆటెబెరీ అనే చిత్రకారుడు గీసిన ఈ బొమ్మ ఆఫీస్ 97తో పాటు ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటి లోకీ ప్రవేశించింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, అంటే 2001లో ఆఫీస్ ఎక్స్‌పీ విడుదల నాటికి, దాన్ని ముందే ఆపేసి ఇవ్వడం మొదలుపెట్టారు. అంతటితో ఆగలేదు. క్లిప్పీకి ఉద్యోగం పోయిందన్న హాస్యాన్నే కొత్త సరుకు ప్రచారానికి వాడుకున్నారు. ఆ ప్రకటనల్లో క్లిప్పీకి గిల్బర్ట్ గాట్‌ఫ్రీడ్ గొంతు అరువిచ్చాడు. ఆఫీస్ 2007లో ఆ సహాయకుణ్ణి పూర్తిగా తీసేశారు.

తాను తయారు చేసినదాన్ని తానే ఎగతాళి చేసి, ఆ ఎగతాళితోనే తరువాతి సరుకును అమ్ముకున్న సంస్థకు ఇక ఈ పాఠం మరోసారి చెప్పనక్కరలేదని ఎవరైనా అనుకుంటారు. కానీ అదే 2001లో, అదే సంస్థ విడుదల చేసిన విండోస్ ఎక్స్‌పీలో ఫైళ్ళు వెతకబోతే పక్కన ఒక కుక్కపిల్ల తోక ఊపుతూ ప్రత్యక్షమయింది. దాని పేరు రోవర్. అది కూడా కొత్తది కాదు. ఆరేళ్ళ క్రితం ఘోరంగా విఫలమైన మరో సరుకు నుంచి తెచ్చి పెట్టినది. ఒక చేత్తో క్లిప్పును సాగనంపుతూ మరో చేత్తో కుక్కపిల్లను లోపలికి పిలవడం చూస్తే, 'క్లిప్పీ ఎందుకు విఫలమయింది?' అన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. ఆ ప్రశ్న మీద స్టాన్‌ఫర్డ్‌లో 2003లోనే ఒక సిద్ధాంత వ్యాసం వచ్చింది, చాలా జవాబులూ ఉన్నాయి. ఇన్ని జవాబులు తెలిసినా ఆ సహాయకుడు వేషం మార్చుకుని ఎందుకు తిరిగి వస్తున్నాడన్నది అసలు ప్రశ్న. పిలవని పేరంటానికి వెళ్ళిన మనిషికి రెండోసారి వెళ్ళడానికి కాస్త బిడియమైనా ఉంటుంది. తెర మీది సహాయకుడికి అదీ లేదు.

రోవర్ పుట్టిల్లు మైక్రోసాఫ్ట్ బాబ్. 1995 మార్చిలో అమ్మకానికి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ కంప్యూటరు తెరను ఒక ఇల్లుగా మార్చింది. గదులు, గదుల్లో సామాన్లు. క్యాలెండరు కావాలంటే గోడ మీది క్యాలెండరును, ఉత్తరం రాయాలంటే బల్ల మీది కలాన్ని నొక్కాలి. ఏ గదిలో ఉన్నా ఒక బొమ్మ పక్కనే కూర్చుని దారి చెబుతూ ఉంటుంది. కంప్యూటరంటే భయపడే కొత్తవారి కోసం అన్నారు. అయితే ఆనాటి మామూలు ఇళ్ళలో ఉన్న చాలా యంత్రాలకు దాన్ని మోసే జ్ఞాపకశక్తి లేదు. భయపడే కొత్తవాడు ముందుగా ఖరీదైన కంప్యూటరు కొనాలి. ఏడాది తిరగకుండానే బాబ్‌ను మూసేశారు. దాని అమ్మకాల బాధ్యత చూసినవారిలో మెలిండా ఫ్రెంచ్, తరువాతి మెలిండా గేట్స్, ఉన్నారన్నది ఆ కథలో అందరికీ గుర్తుండే వివరం. దానికి సలహాదారులుగా ఉన్నవారెవరన్నది అంతకంటే ముఖ్యం.

వారు స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు క్లిఫర్డ్ నాస్, బైరన్ రీవ్స్. మనుషులు కంప్యూటర్లతో తెలియకుండానే సాటి మనుషులతో నడుచుకున్నట్టు నడుచుకుంటారని వారు వరసగా ప్రయోగాలు చేసి చూపించారు. ఒక ప్రయోగం మచ్చుకు చూడవచ్చు. కొందరికి ఒక కంప్యూటరు పాఠం చెబుతుంది. తరువాత అదే కంప్యూటరు 'నేనెలా చెప్పాను?' అని అడిగితే బాగా చెప్పావనే అంటారు. అదే ప్రశ్న మరో కంప్యూటరు అడిగినా, కాగితం మీద అడిగినా, మెప్పు తగ్గుతుంది. ఎదురుగా ఉన్నవారి మనసు నొప్పించకూడదన్న మర్యాదను యంత్రానికీ పాటించారన్న మాట. మీరలా చేశారా అని అడిగితే మాత్రం, యంత్రంతో మర్యాదేమిటని నవ్వేశారు. ఈ పరిశోధనల సారం 1996లో ది మీడియా ఈక్వేషన్ అనే పుస్తకంగా వచ్చింది.

సిద్ధాంతంలో తప్పు లేదు. దాన్ని ఇంటర్‌ఫేస్ తయారు చేసేవారు చదువుకున్న తీరులో ఉంది. మనుషులు యంత్రాన్ని మనిషిలా చూస్తున్నారు కాబట్టి దానికి కళ్ళూ కనుబొమలూ పెడదామన్నారు. మనుషులు యంత్రాన్ని మనిషిలా చూస్తే మనిషిలాగే తప్పుపడతారు కూడా అన్న రెండో సగాన్ని వదిలేశారు. పని చేసుకుంటున్నవారి భుజం మీదుగా తొంగిచూసేవాణ్ణి, నిన్న వద్దన్న సలహానే ఈ రోజూ చెప్పేవాణ్ణి, నెల రోజులుగా పక్కనే ఉన్నా ఎదుటివారి పేరూ అలవాట్లూ గుర్తుపెట్టుకోనివాణ్ణి సంఘం ఏమంటుందో క్లిప్పీని అదే అంది. ముఖం లేని ఒక మెనూ పదిసార్లు అడ్డు వస్తే చిరాకు పడి ఊరుకుంటాం. ముఖం ఉన్నది అడ్డు వస్తే అవమానంగా తీసుకుంటాం. నాస్ కూడా తరువాత ఇలాగే తేల్చాడు: మనుషులతో ఎలా మెలగాలో క్లిప్పీకి బొత్తిగా తెలియకపోవడమే దాని దోషమని.

ఆయన 2010 నాటి పుస్తకంలో ఒక వింత ప్రయోగం గురించి రాశాడు. క్లిప్పీ బుద్ధిని ఏమాత్రం మార్చకుండా, సలహా ఇచ్చాక 'ఇది పనికొచ్చిందా?' అని అడిగే ఏర్పాటు చేశారు. లేదని జవాబు వస్తే క్లిప్పీ కోపం తెచ్చుకుని, ఈ సహాయ వ్యవస్థ ఎంత చెత్తగా ఉందో మైక్రోసాఫ్ట్‌కే చెబుదాం రండి అంటూ ఫిర్యాదు ఉత్తరం ముందు పెడుతుంది. జనానికి ఆ క్లిప్పీ తెగ నచ్చింది. సలహాలో రవ్వంత మెరుగు లేదు. మారినదల్లా క్లిప్పీ నిలబడిన పక్షం. నాస్ దీన్ని ఉమ్మడి శత్రువు కలిపే స్నేహానికి ఉదాహరణగా చెప్పాడు. అయితే ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది: ఈ సహాయకుడు ఎవరి మనిషి అన్న అనుమానం వాడుకరులకు మొదటినుంచీ ఉంది.

మెదడు తీసేసి ముఖం ఉంచుకున్న కథ

క్లిప్పీకి వెనక ఒక మంచి మెదడు ఉండవలసింది. 1990ల తొలి సంవత్సరాల్లో మైక్రోసాఫ్ట్ రిసర్చ్‌లో ఎరిక్ హార్విట్జ్ బృందం లుమియేర్ అనే ప్రాజెక్టు చేపట్టింది. మెనూలు ఒకటి తరువాత ఒకటి తెరిచి ఏమీ ఎంచుకోకుండా మూసేయడం, ఒక పని చేసి వెంటనే రద్దు చేయడం, ఏమీ తోచనట్టు కాసేపు ఆగిపోవడం వంటి ఆనవాళ్ళను గమనించి, వాడుకరికి సాయం అవసరమయ్యే అవకాశం ఎంత, ఏ విషయంలో అవసరం అన్నవాటిని బేయీసియన్ సంభావ్యతతో లెక్కగట్టాలని వారి ప్రయత్నం.

దానికోసం ముందు మనుషులతోనే ప్రయోగాలు చేశారు. వాడుకరి ఒక గదిలో, సాఫ్ట్‌వేర్ క్షుణ్ణంగా తెలిసిన నిపుణుడు మరో గదిలో. తెర మీద జరుగుతున్నది మాత్రమే నిపుణుడికి కనబడుతుంది. దాన్ని చూసి సలహాలు పంపాలి. ఇది ఇంకా ప్రయోగదశలో ఉన్న సహాయ వ్యవస్థ అని వాడుకరులకు ముందే చెప్పారు. అయినా వారు వచ్చిన సలహాలను సాధారణంగా శ్రద్ధగా చదివారు, తమకు అక్కరలేనివైనా వాటిలో చెప్పినది తరచు చేసి చూశారు. అవతలి గదిలోని నిపుణుడికి అది తన ఊహ నిజమైనట్టు కనిపించింది. దాంతో అదే దారిలో ఇంకో సలహా పంపాడు. ఇద్దరూ కలిసి అసలు పని వదిలేసి ఎటో వెళ్ళిపోయారు. నిపుణులు సలహాల విషయంలో కాస్త చేయి బిగించడం అనుభవం మీద నేర్చుకున్నారు. 1998లో అచ్చయిన లుమియేర్ పత్రంలో నమోదైన ఈ చిన్న పరిశీలన ఇప్పటి సహాయకుల గురించిన చాలా ఉద్గ్రంథాలకంటే విలువైనది. సలహా తీసుకున్నంత మాత్రాన అది పనికొచ్చిందనుకోరాదన్న హెచ్చరిక అందులో ఉంది. 'ఇంతమంది ఈ సదుపాయాన్ని నొక్కారు' అన్న లెక్కను ఈనాడు విజయానికి కొలబద్దగా చూపేవారు ఆ నిపుణుడు కూర్చున్న గదిలోనే కూర్చున్నారు.

ఆఫీస్ 97 అమ్మకానికి వెళ్ళే వేళకు లుమియేర్‌లో చాలా భాగం బయటే ఉండిపోయింది. వాడుకరి టైపు చేసిన ప్రశ్నను అర్థం చేసుకోవడానికి బేయీసియన్ పద్ధతిని ఉంచారు. ఎప్పుడు లేచి మాట్లాడాలన్న నిర్ణయాన్ని మాత్రం విడిగా, మామూలు నియమాల పట్టికకు అప్పగించారు. వాడుకరి ఎంత అనుభవం ఉన్నవాడో గుర్తుంచుకునే భాగమూ చేరలేదు. నోరు ఎప్పుడు మూసుకోవాలో తెలిసిన మెదడును పక్కన పెట్టి, నోటిని మాత్రం పంపించారు.

తోలుబొమ్మలాటలో రామాయణం రసవత్తరంగా నడుస్తుండగా కేతిగాడు, జుట్టుపోలిగాడు అడ్డం వస్తారు. వారినీ ఎవరూ పిలవరు. వారి కోసం జనం నిద్ర ఆపుకుని కూర్చుంటారు. తెర వెనక ఆడించేవాడికి ఎదుటి జనం నవ్వూ ఆవలింతా రెండూ వినబడుతుంటాయి. ఎప్పుడు ప్రవేశించాలో, ఎప్పుడు తప్పుకోవాలో వాటిని బట్టే తేల్చుకుంటాడు. క్లిప్పీని ఆడించినవారు రెడ్మండ్‌లో ఉన్నారు, ఆట చూసినవాడు ఎక్కడో ఉన్నాడు. మధ్యలో మిగిలింది ఒక పట్టిక.

హార్విట్జ్ ఈ సమస్యను అక్కడితో వదలలేదు. యంత్రం చొరవ తీసుకునే ఇంటర్‌ఫేస్‌లకు ఉండవలసిన 12 సూత్రాలను 1999లో ప్రకటించాడు. వాటి కేంద్రంలో ఒక లెక్క ఉంది. యంత్రం ముందు మూడు దారులున్నాయి: ఊరుకోవడం, అడగడం, అడగకుండా చేసేయడం. ప్రతిదానికీ ఒక లాభం, ఒక నష్టం. ఊహ తప్పితే వాడుకరికి కలిగే అంతరాయం నష్టం కింద జమ. సంభావ్యత ఫలానా గీత దాటితేనే అడగాలి, మరో గీత దాటితేనే చేయాలి, లేకపోతే ఊరుకోవాలి. ఆయన లుకౌట్ అనే నమూనాను కూడా చేశాడు. అది ఈమెయిలు చదివి, సమావేశం ఏర్పాటు చేయనా అని అడుగుతుంది. కానీ ఉత్తరం పొడవును బట్టి చదవడానికి ఆ మనిషికి ఎంతసేపు పడుతుందో నేర్చుకుని, అంతసేపు ఆగి అడుగుతుంది. ఆగడాన్ని ఇంజనీరింగ్ సమస్యగా తీసుకున్న అరుదైన పని అది. ఈ లెక్కలో ఒక్క ఖాళీ ఉంది, దాన్ని పూరించడం గణితం పని కాదు: నష్టానికి వెల కట్టేది ఎవరు? అంతరాయపు వెలను వాడుకరి కట్టే చోట గీత ఎత్తుగా ఉంటుంది. సంస్థ కట్టే చోట అది నేల మీద ఉంటుంది.

ఎర్ర గీత

ఇదే కాలంలో, ఇదే వర్డ్‌లో, ఇంచుమించు ఇలాంటి పనే చేసిన ఇంకో సహాయకుడున్నాడు. వాడిని ఎవరూ ద్వేషించలేదు. వర్డ్ 95లో మొదలైన, తప్పు మాట కింద వంకర టింకరగా పడే ఎర్ర గీత అది. అదీ అడగకుండానే ఊహిస్తుంది, చాలాసార్లు తప్పు ఊహిస్తుంది. వెంకటేశ్వర్లు అనో సూర్యనారాయణ అనో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగువారికి ఆ సంగతి బాగా తెలుసు; దశాబ్దాలుగా తమ ఇంటిపేర్ల కింద ఆ గీతను చూస్తూనే ఉన్నారు. అయినా అది మాట్లాడదు, రాస్తున్న చేతిని ఆపదు, జవాబు ఇచ్చేదాకా తెర మీద నిలబడదు. పట్టించుకోకపోతే దానికి పోయేదేమీ లేదు, రాసేవాడికీ లేదు. ఒక్కసారి నిఘంటువులో చేరిస్తే ఆ పేరును మళ్ళీ తప్పుపట్టదు. క్లిప్పీ తప్పు ఊహిస్తే ఆ తప్పును సరిదిద్దే పని వాడుకరి నెత్తిన పడుతుంది. ఎర్ర గీత తప్పు ఊహిస్తే ఆ తప్పు అక్కడే పడి ఉంటుంది. ఊహ ఎంత సరైనదన్నదానికంటే, తప్పయినప్పుడు ఖర్చు ఎవరిదన్నది ఈ రెండింటినీ వేరు చేస్తుంది.

మరి ఎర్ర గీత దారి ఎదురుగా ఉండగా క్లిప్పీ దారి పట్టడమెందుకు? ఒక కారణం సాదాసీదాది. సాఫ్ట్‌వేర్ పెరిగిపోయింది. వర్డ్ తొలి రూపంలో వంద ఆదేశాలుంటే 2003 నాటికి అవి 1500 దాటాయని, ఆఫీస్ ఇంటర్‌ఫేస్‌ను తిరగరాసినవారిలో ఒకడైన జెన్సెన్ హారిస్ చెప్పాడు. కావాలని జనం అడుగుతున్న సదుపాయాల్లో చాలావరకు అప్పటికే అందులో ఉన్నాయని కూడా తేలింది. వస్తువు దొరకని ఇంట్లో రెండు పనులు చేయవచ్చు: ఇల్లు సర్దుకోవచ్చు, లేదా వెతికి పెట్టడానికి ఒకణ్ణి కూర్చోబెట్టవచ్చు. క్లిప్పీ రెండో పద్ధతి. 2007లో క్లిప్పీ పోవడమూ, మెనూలన్నీ పీకేసి రిబ్బన్ అనే కొత్త అమరిక రావడమూ ఒకేసారి జరగడం కాకతాళీయం కాకపోవచ్చు. రిబ్బన్‌నూ తిట్టినవారున్నారు గాని అది వేరే సంగతి. కనీసం అది పిలవకుండా మాట్లాడలేదు.

రెండో కారణం ఒక కల. 1987లో ఆపిల్ సంస్థ నాలెడ్జ్ నావిగేటర్ అనే చిన్న వీడియో తీసింది. ఒక ఆచార్యుడు తన పుస్తకం లాంటి కంప్యూటరు తెరవగానే బో టై కట్టుకున్న సహాయకుడు ప్రత్యక్షమై ఆ రోజు పనులు చదువుతాడు, వ్యాసాలు వెతికి పెడతాడు, వాళ్ళమ్మ ఫోను చేసిన సంగతి గుర్తుచేస్తాడు. అందులోని వస్తువు ఏదీ అప్పటికి లేదు, అంతా నటనే. ఆ నటన ఒక తరం ఇంజనీర్ల మీద చేసిన పని నిజమైన యంత్రాలు కూడా చేయలేదు. నికొలస్ నెగ్రొపాంటే కూడా భవిష్యత్తు ఇంటర్‌ఫేస్‌ను ఇంటి బట్లర్‌తోనే పోల్చాడు. సరుకులను మంజూరు చేసే అధికారులందరికీ కార్యదర్శులున్నారు. వారి ఊహలో సాయం అంటే ఆ రూపంలోనే ఉంటుంది. కార్యదర్శి విలువ ఏళ్ళ తరబడి ఒకే మనిషి దగ్గర పని చేసి, ఏది చెప్పాలో ఏది దాచాలో తెలుసుకోవడంలో ఉందని, ఆ పరిచయాన్ని పెట్టెలో పెట్టి అమ్మడం కుదరదని వీడియోలో కనబడదు. 1990ల్లో ఆస్క్ జీవ్స్ అనే వెతుకులాట సైటు వుడ్‌హౌస్ నవలల్లోని సేవకుడి పేరు పెట్టుకుంది. ఆ నవలల్లో జీవ్స్ గొప్పతనమంతా అలికిడి లేకుండా వచ్చి అలికిడి లేకుండా వెళ్ళడంలో ఉంది. 2006లో ఆ సైటు తన జీవ్స్‌ను ఇంటికి పంపేసింది.

ఈ కలను ఎదిరించినవారు లేకపోలేదు. 1997లో బెన్ ష్నైడర్‌మన్, ఎంఐటీకి చెందిన పాటీ మేస్ సభాముఖంగా వాదించుకున్నారు. వస్తువులు కళ్ళ ముందుండాలి, మనిషి వాటిని స్వయంగా కదిలించాలి, ఫలితం వెంటనే కనబడాలి, బాధ్యత మనిషిదే కావాలి అన్నది ష్నైడర్‌మన్ పక్షం. మనిషి ఆకారపు యంత్రాలు ఏ రంగంలోనైనా తొలిదశలో కనబడి తరువాత రాలిపోతాయన్న లూయిస్ మమ్‌ఫర్డ్ ఆలోచనను ఆయన ఆధారంగా చూపేవాడు. సమాచారం పోగవుతున్న కొద్దీ అన్నిటినీ స్వయంగా కదిలించడం ఎవరివల్లా కాదు, కొన్నిటిని అప్పగించక తప్పదు అన్నది మేస్ పక్షం. ఇద్దరి వాదనలోనూ బలముంది. మేస్ చెప్పిన సహాయకులకు ముఖం ఉండి తీరాలని లేదన్నది మాత్రం చాలామంది మరిచిపోయారు. అంతకు రెండేళ్ళ ముందే జారన్ లేనియర్ ఇంకో మాట అన్నాడు: సహాయకుణ్ణి తెలివైనవాడుగా నమ్మిన మనిషి, ఆ నమ్మకం నిలబడడానికి తన తెలివినే కాస్త తగ్గించుకుంటాడని. లుమియేర్ ప్రయోగంలో అక్కరలేని సలహాను శ్రద్ధగా పాటించినవారు ఇక్కడ గుర్తుకు రాకమానరు.

ఎవరి మనిషి?

2011లో సిరి, 2014లో అలెక్సా వచ్చినప్పుడు వాటిపై జనానికి క్లిప్పీ మీద ఉన్నంత కోపం లేదు. అవి పిలిస్తే పలికేవి. పేరు పెట్టి పిలవడం అనే ఒక్క నియమం సగం చిరాకును తీసేసింది. చేతులు ఖాళీ లేని వంటింట్లోనూ, చూపు ఆనని పెద్దవారి గదిలోనూ అవి నిజంగా పనికొచ్చాయి. చిక్కు మరోచోట వచ్చింది. అలెక్సాను జనం వంట గడియారంగా, పాటల పెట్టెగా, వాతావరణం చెప్పే మనిషిగా వాడుకున్నారు తప్ప, దాని ద్వారా సరుకులు కొనలేదు. 2017 నుంచి 2021 వరకు అమెజాన్ పరికరాల వ్యాపారంలో 2500 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని వాల్ స్ట్రీట్ జర్నల్ 2024లో రాసింది. ఆ నష్టం కింద నిలబడిన సహాయకుడు పిలిచినప్పుడు మాత్రమే పలుకుతూ ఎంతకాలం ఉండగలడు? అన్నట్టు అంటూ, అడిగినదానికి జవాబు చెప్పాక అడగనిది కూడా చెప్పడం మొదలుపెట్టింది. తెలుగువారి సామెత ప్రకారం అడగందే అమ్మైనా పెట్టదు. అడగకుండానే వడ్డించేవారికి వడ్డనలో వేరే లెక్క ఉంటుంది.

ఆ లెక్కను మొదట నిస్సిగ్గుగా చూపించినది బాంజీ బడ్డీ. ఈ శతాబ్దపు తొలి ఏళ్ళలో ఇళ్ళలోని కంప్యూటర్ల మీద గెంతిన ఊదారంగు గొరిల్లా అది. జోకులు చెప్పింది, పాటలు పాడింది, వెనకనుంచి ప్రకటనలు దించింది. పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించినందుకు 2004లో దాని యజమానులు అమెరికా ప్రభుత్వానికి 75 వేల డాలర్లు చెల్లించుకోవలసి వచ్చింది. పెద్ద సంస్థలను దానితో పోల్చడం అన్యాయమే. అయినా సహాయకుడి ముఖం ఎటు తిరిగి ఉన్నా చేతులు యజమాని వైపే ఉంటాయన్న సంగతిని ఆ గొరిల్లా అందరికంటే ముందు రుజువు చేసింది.

ఇప్పటి సహాయకుల తెలివి వేరే తరగతికి చెందినది, ఇందులో సందేహం లేదు. హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ 2023లో ఒక పత్రికతో మాట్లాడుతూ, సొంత సంస్థ కోర్టానాతో సహా అంతకు ముందరి సహాయకులన్నిటినీ బండరాళ్ళతో సమానమని తీసిపారేశారు. ఉత్తరం రాయడంలో సాయం చేయలేని క్లిప్పీ ఎక్కడ, ఉత్తరమంతా తానే రాసిపెట్టే కోపైలట్ ఎక్కడ! అయితే క్లిప్పీపై వచ్చిన ఫిర్యాదుల్లో దానికి ఉత్తరం రాయడం రాదన్నది చిన్న భాగం. పిలవకుండా రావడం, పొమ్మన్నా పోకపోవడం పెద్ద భాగం. తెలివి పెరగడంతో మొదటిది తీరింది, రెండోది తీరలేదు. నిజానికి రెండోది గట్టిపడింది, ఎందుకంటే ఇప్పుడు పెట్టుబడి పెద్దది. 2024లో విండోస్ కీబోర్డుల మీద కోపైలట్ కోసం ప్రత్యేకంగా ఒక మీట వచ్చి చేరింది. వ్యక్తిగత చందాదారులకు ఆఫీస్‌తో కోపైలట్‌ను కలిపి ధర పెంచినప్పుడు, కోపైలట్ లేని పాత ధర చందా కూడా దొరుకుతుందన్న సంగతి స్పష్టంగా చెప్పలేదని ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ 2025 అక్టోబరులో కోర్టుకెక్కింది. సుమారు 27 లక్షల మందిని తప్పుదారి పట్టించారని ఆరోపణ. తరువాత సంస్థ క్షమాపణ చెప్పింది. వద్దనే దారి ఉండి కూడా కనబడకపోవడం ఇంటర్‌ఫేస్ నిర్మాణంలో పొరపాటుగా జరిగే పని కాదు.

పరదేశాల్లో ఉన్న తెలుగువారికి ఈ కథ వాట్సాప్‌లో ఇంకా దగ్గరగా కనబడుతుంది. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులతో, చెల్లాచెదురైన దాయాదులతో రోజూ కలిసే చోటు అది. 2024 నుంచి అక్కడ మెటా ఏఐ అనే నీలిరంగు వలయం వెలిసింది. పాత ఫొటో కోసమో పెళ్ళి ముహూర్తం కోసమో వెతకబోతే, వెతికే పెట్టెలో ముందు దాన్ని అడగమన్న సూచన ఎదురవుతుంది. వాడడం ఎవరి ఇష్టం వారిదేనని సంస్థ వివరణ. ఆ వలయాన్ని తీసేసే వీలు మాత్రం ఇవ్వలేదు. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2025 జులైలో దీనిపై విచారణ మొదలుపెట్టింది. డెబ్బై ఏళ్ళ తల్లికి ఆ వలయం కొడుకు ఫోనుకు దారో, ఎవరో తెలియనివారితో సంభాషణో తేల్చుకోవలసిన పని పడింది. బాబ్‌ను కొత్తవారి కోసమే చేశామన్నారు, దీన్నీ కొత్తవారి కోసమే అంటారు. కొత్తవారి అభిప్రాయం సేకరించే తొందర రెండు సందర్భాల్లోనూ కనిపించలేదు.

కొత్తవారి అభిప్రాయం అందినప్పుడు దానికి పట్టిన గతి ఏమిటో క్లిప్పీ చరిత్రలోనే ఉంది. ఆఫీస్ 97 బొమ్మలను ముందుగా చూపించిన బృందాల్లో స్త్రీలు, ఇవి మగవాళ్ళలా ఉన్నాయి, తమవైపు అదోలా చూస్తున్నాయి అన్నారని, గదిలో ఉన్న మగ ఇంజనీర్లకు ఆ మాట తలకెక్కలేదని, అప్పుడు అక్కడ పని చేసిన రోజ్ హో 2015 నాటి ఒక డాక్యుమెంటరీలో చెప్పింది. సమాధానం చేతిలో ఉండగా బొమ్మలు అలాగే బయటికి వెళ్ళాయి.

2025 ఆగస్టులో ఇంకో మలుపు తిరిగింది. వినియోగదారుల హక్కుల కోసం వాదించే లూయిస్ రాస్‌మన్ పిలుపు మేరకు ఎంతోమంది తమ ఖాతాల్లో తమ ముఖం తీసేసి క్లిప్పీ బొమ్మ పెట్టుకున్నారు. క్లిప్పీ ఎవరి వివరాలూ దొంగిలించలేదు, ఏదీ అమ్మజూపలేదు, పాపం సాయం చేయాలనే చూశాడు అన్నది వారి మాట. ఒక తరం తిట్టిపోసిన బొమ్మ మరో తరానికి నిజాయితీకి గుర్తయింది. ఇందులో పాతదంతా మంచిదన్న మురిపెం కొంత ఉంది. క్లిప్పీకి ఇంటర్నెట్ చేతికందలేదు గనక దొంగిలించలేదేమో కూడా. అయినా నాస్ ప్రయోగంలో మైక్రోసాఫ్ట్ మీద ఫిర్యాదుకు ముందుండి నడిచిన క్లిప్పీని జనం ఎందుకు ఇష్టపడ్డారో, దీన్నీ అందుకే ఇష్టపడ్డారు.

మూడు నెలలు తిరక్కముందే మైక్రోసాఫ్ట్ కోపైలట్‌కు ఒక ముఖం తగిలించింది. రంగులు మారుతూ, మాటలకు తగ్గట్టు కవళికలు మార్చుకుంటూ తెర మీద తేలే ఆ చిన్న బుడగ పేరు మైకో. దాన్ని ఆపుకునే వీలుంది. వేలితో పదే పదే తడితే అది కాసేపు కాగితాల క్లిప్పుగా మారి కనుబొమలు ఎగరేస్తుంది.